గడియారం ఎప్పుడు మొదలవుతుంది? సరిహద్దు ఊళ్లలో అంబులెన్సు నిమిషాల లెక్క

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు వెళ్తుంటే రాష్ట్రం ఎక్కడ మారిందో దారి పక్క బోర్డు చూస్తే తప్ప తెలియదు. ఇటు ఒడిశాలోని గజపతి జిల్లా, అటు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లా. సంతలూ సంబంధాలూ రెండు వైపులకూ ఉమ్మడివే గనుక మనుషులకు ఆ గీతతో పెద్దగా పని పడదు. పని పడేది ఫోనుకే. చేతిలోని ఫోను ఏ రాష్ట్రపు టవరును పట్టుకుంటే 108కి చేసిన కాల్ ఆ రాష్ట్రపు కాల్ సెంటరుకు వెళ్లే అవకాశం ఎక్కువ. నంబరు రెండు చోట్లా ఒకటే అయినా దాని వెనుక ఉన్న కేంద్రాలు, వాహనాలు, సిబ్బంది, ఒప్పందాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఒడిశాలో 2013లో వచ్చింది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక రాత్రి మా పెదనాన్నకు ఛాతీ పట్టేసి, బనియను తడిసేలా చెమటలు పోశాయి. మా తమ్ముడు 108కి చేస్తే అవతలి అమ్మాయి తెలుగులోనే, మర్యాదగానే మాట్లాడింది. "మీది ఏ మండలమండీ?" అని అడిగింది. మాకు మండలం లేదు, బ్లాకు ఉంది. "గోసాని బ్లాకండీ, గజపతి జిల్లా" అన్నాడు వాడు. ఆ పేర్లు ఆమె ముందున్న జాబితాలో లేవు. "ఒడిశానా అండీ? అది మా పరిధిలోకి రాదండీ" అని ఆమె తేల్చేసరికి కొన్ని నిమిషాలు గడిచిపోయాయి. వాడు వీధి చివరి దాకా నడిచి మళ్లీ చేస్తే ఈసారి ఒడియాలో పలికారు. మేము ఊరి పేరును పలికే తీరు ఒకటి, కాగితాల్లో ఉన్న తీరు మరొకటి కావడంతో ఇంకొంత సమయం పోయింది. గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ "బేగి రమ్మని చెప్పరా నాయనా, పేర్లు తరవాత అడగమను" అంటూనే ఉంది.

తరువాత ఫోను తీసి చూస్తే మొదటి కాల్ 11:18కి చేసినట్టు, వాహనం కేటాయించామన్న సందేశం 11:29కి వచ్చినట్టు ఉంది. అంబులెన్సు మా వీధిలోకి తిరిగినప్పుడు 11:43 అయింది. వాహనం కేటాయించిన క్షణం నుంచి చూస్తే 14 నిమిషాలు. రాత్రిపూట, వానలో, మెచ్చుకోదగిన వేగం. మొదటి కాల్ నుంచి చూస్తే 25. నొప్పి మొదలైంది పదిన్నరకు. గ్యాసు అనుకుని వాము నమిలించి, వేణ్నీళ్లు తాగించి మేము పోగొట్టిన కాలాన్ని కూడా కలిపితే 73. పెదనాన్న దక్కారు గనుక ఈ లెక్క ఇంత నింపాదిగా రాయగలుగుతున్నాను. ఈ మూడు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టాం, ఎక్కడ ఆపాం అన్నదే తేడా.

అంబులెన్సుల గురించి ప్రభుత్వాలు, సంస్థలు చెప్పే "స్పందన కాలం" అనే ఒక్క అంకె వెనుక దాగి ఉండేది ఈ తేడాయే. అది సాధారణంగా కాల్ అందుకున్నప్పటి నుంచో, వాహనానికి కేసు అప్పగించినప్పటి నుంచో మొదలై, వాహనం ఘటనా స్థలానికి చేరినట్టు నమోదు కావడంతో ముగుస్తుంది. రోగి గడియారం అంతకు చాలా ముందే మొదలవుతుంది, చాలా తరువాత గాని ఆగదు. సరిహద్దు జిల్లాల్లో అసలు నష్టమంతా ఈ రెండు కొసల్లోనే జరుగుతోందనీ, వాహనం చక్రాలు తిరిగే మధ్య భాగం ఒక్కటే కొలతకు అందుతోందనీ నా అభిప్రాయం.

ఆ గొలుసును ఒకసారి వరుసగా చూద్దాం. ఇంట్లోవాళ్లు ఇది ప్రమాదమని గుర్తించాలి, ఫోను కలవాలి, కాల్ తీసుకున్నవారు ఎక్కడ, ఏమిటి, ఎంత తీవ్రం అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టాలి, దగ్గరలో ఖాళీగా ఉన్న వాహనాన్ని వెతికి అప్పగించాలి, పైలట్ (అంబులెన్సు డ్రైవరు), ఈఎంటీ (దారిలో ప్రథమ చికిత్స చేసే శిక్షణ పొందిన సిబ్బంది) బయలుదేరాలి, దారి దొరకాలి. వాహనం ఆగాక కూడా స్ట్రెచరు రోగి మంచం దాకా చేరాలి, ప్రథమ చికిత్స జరగాలి, ఆసుపత్రికి ప్రయాణం సాగాలి, అక్కడ రోగిని దించుకునేవారు ఉండాలి. ఇంతా జరిగాక ఆ జబ్బుకు కావలసిన మందో, యంత్రమో, వైద్యుడో ఆ ఆసుపత్రిలో ఉండాలి. ఇన్ని మెట్లలో ప్రయాణం రెండు మెట్లే. అయినా చర్చ అంతా వేగం చుట్టూ, కొత్త వాహనాల చుట్టూ తిరుగుతుంది. వాహనాలకు జెండా ఊపవచ్చు గాని ఊరి పేర్ల జాబితాను సరిదిద్దే గుమాస్తాకు ఎవరూ జెండా ఊపరు కదా.

ఇన్ని నిమిషాల్లో రావాలన్న లక్ష్యాలు ఎక్కడి నుంచి పుట్టాయో తెలుసుకోవడం అవసరం. ప్రపంచంలో ఎక్కువగా వినిపించే అంకె 8 నిమిషాలు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 1970ల చివర, గుండె హఠాత్తుగా ఆగిపోయినవారి మీద జరిగిన అధ్యయనాలు దీనికి మూలం. నాలుగు నిమిషాల్లోపు ఎవరైనా ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, ఎనిమిది నిమిషాల్లోపు నిపుణుల చికిత్స అందితే బతికే అవకాశం బాగా మెరుగుపడుతుందని అవి చూపాయి. ఒక్క జబ్బు కోసం, చక్కని రోడ్లున్న ఒక్క ప్రాంతంలో తేలిన ఆ అంకె తరువాత అన్ని జబ్బులకూ, అనేక దేశాలకూ గీటురాయి అయిపోయింది. ఇంగ్లండులో ఎన్నో ఏళ్లపాటు ప్రాణాపాయపు కాల్స్‌లో 75 శాతానికి 8 నిమిషాల్లోపు చేరాలన్న నియమం ఉండేది. ఎనిమిదో నిమిషంలో చేరి రోగి చనిపోతే లక్ష్యం నెరవేరినట్టు, తొమ్మిదో నిమిషంలో చేరి రోగి బతికితే విఫలమైనట్టు నమోదయ్యే వింత అందులో ఉంది. గడియారాన్ని ఆపడానికే మోటారుసైకిల్ మీద ఒకరిని ముందుగా పంపి, రోగిని మోసుకెళ్లే వాహనాన్ని నింపాదిగా పంపే పద్ధతి కూడా దానివల్ల పెరిగింది. చివరికి 2017లో అక్కడ పద్ధతి మార్చారు. అతి తీవ్రమైన కేసులకు సగటున 7 నిమిషాలు, ప్రతి పదింటిలో తొమ్మిదింటికి 15 నిమిషాల్లోపు; దాని తరువాతి తరగతికి సగటున 18, పదింటిలో తొమ్మిదింటికి 40 నిమిషాల్లోపు అని రెండేసి కొలతలు పెట్టారు.

రెండు కొలతలు ఎందుకో మన దగ్గరి ఉదాహరణతో చెప్తాను. ఒక రోజు ఒక వాహనానికి పది కేసులు వచ్చాయనుకుందాం. ఎనిమిది పట్టణంలోవి, ఒక్కొక్కటి 10 నిమిషాల్లో అందాయి. రెండు మహేంద్రగిరి వైపు కొండ ఊళ్లవి, ఒక్కొక్కటి 70 నిమిషాలు పట్టాయి. సగటు 22 నిమిషాలు. ఇంకాస్త నేర్పున్నవారు మధ్యస్థ విలువ, అంటే అంకెలన్నిటినీ వరుసలో పెడితే నడుమ వచ్చేది, తీసుకుంటే 10 నిమిషాలే. కానీ 22 నిమిషాల్లో అంబులెన్సు అందిన మనిషి ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. సగటు పట్టణాన్నీ చూపదు, కొండనూ చూపదు. పదిలో తొమ్మిదో వాడికి ఎంత పట్టిందని అడిగితేనే ఆ 70 బయటపడుతుంది. అందుకే జిల్లా సగటును మాత్రమే ప్రకటించే నివేదికను చూసినప్పుడు, ఆ సగటు కింద ఏ బ్లాకులు మునిగి ఉన్నాయో అడగాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జూలైలో కొత్త వాహనాలను ప్రవేశపెట్టినప్పుడు పట్టణాల్లో 15, గ్రామాల్లో 20, ఏజెన్సీలో 30 నిమిషాల లక్ష్యం చెప్పింది. ప్రాంతాన్ని బట్టి లక్ష్యాన్ని మార్చడం వాస్తవాన్ని ఒప్పుకోవడమే గనుక తప్పు పట్టలేం. అయితే గుండె ఆగిన మనిషికి ఏజెన్సీలో ఉన్నందుకు అదనంగా పదిహేను నిమిషాల ఆయుష్షు రాదన్నది కూడా గుర్తుంచుకోవలసిన మాటే.

ఇప్పుడు వాహనాల సంఖ్య సంగతికి వద్దాం. చాలామంది పొరపడేది ఇక్కడే. జాతీయ ఆరోగ్య మిషన్ సాధారణ ప్రమాణం ప్రకారం లక్ష జనాభాకు ఒక ప్రాథమిక అంబులెన్సు, ఐదు లక్షలకు ఒక అధునాతన అంబులెన్సు ఉండాలి. ఈ ప్రమాణం తలలను లెక్కిస్తుంది, దూరాన్ని లెక్కించదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గజపతి జిల్లా జనాభా 5,77,817. విస్తీర్ణం దాదాపు 4,325 చదరపు కిలోమీటర్లు. పక్కనే ఉన్న గంజాం జిల్లా జనాభా 35 లక్షలు దాటింది. విస్తీర్ణం దాదాపు 8,200 చదరపు కిలోమీటర్లు. ప్రమాణాన్ని అక్షరాలా పాటిస్తే గజపతికి ఆరు ప్రాథమిక వాహనాలు వస్తాయి, గంజాంకు ముప్పై ఐదు. అంటే గజపతిలో ఒక్కో వాహనం దాదాపు 720 చదరపు కిలోమీటర్లను కాయాలి. గంజాంలో 235 లోపే. ఆ ప్రాంతాన్ని వృత్తంగా ఊహించుకుంటే గజపతిలో అంచు 15 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, గంజాంలో తొమ్మిది లోపే. ఇది కాకి ఎగిరే దూరం. కొండ చుట్టూ తిరిగే ఘాట్ రోడ్డు దాన్ని ఒకటిన్నర రెట్లు చేసిందనుకున్నా 22 కిలోమీటర్లు దాటుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ముప్పావు గంట. ఇదంతా వాహనం సరిగ్గా నడిమధ్యన, ఖాళీగా, సిద్ధంగా ఉన్నప్పటి మాట.

మరి వాహనాలు రెట్టింపు చేస్తే సమయం సగమవుతుందా? కాదు. ఒక్కో వాహనం కాచే విస్తీర్ణం సగమైతే దూరం సగం కాదు, వర్గమూలం లెక్కన దాదాపు మూడింట ఒక వంతు మాత్రమే తగ్గుతుంది. దూరం సగం కావాలంటే వాహనాలు నాలుగు రెట్లు కావాలి. పైలట్లు, ఈఎంటీలు, డీజిలు, మరమ్మతులు అన్నీ నాలుగు రెట్లే. జనం పలచగా ఉన్న జిల్లాలో ఆ వాహనాలు చాలా సేపు ఊరకే నిలబడి ఉండాలి, ఆ ఊరకే నిలబడడానికే డబ్బు చెల్లించాలి. ఖజానా లెక్కలు చూసేవారికి అది దుబారాగా కనిపిస్తుంది. కానీ అత్యవసర సేవలో ఖాళీగా ఉండటమే పని; ఎప్పుడూ తీరిక లేని అంబులెన్సు అంటే తరువాతి రోగికి అందని అంబులెన్సు.

ఈ తీరిక లేకపోవడానికి సరిహద్దు జిల్లాల్లో పెద్ద కారణం కాల్స్ ఎక్కువ కావడం కాదు, రిఫరల్ ప్రయాణాలు. ఇక్కడ తేలని కేసును పెద్దాసుపత్రికి రాస్తారు. ఒడిశా వైపు ఆ పెద్దాసుపత్రి బరంపురంలో ఉంది. 1962లో మొదలైన ఆ వైద్య కళాశాలకు పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు. ఆయన పేరున్న ఆసుపత్రికి ఆయన ఊరి నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. వెళ్లి, రోగిని దించి, తిరిగి వచ్చేసరికి పూటంతా అయిపోతుంది. ఆ పూట ఆ వాహనం కాయవలసిన ఊళ్లన్నీ పక్క వాహనం మీద పడతాయి. పక్క వాహనం ఇంకా దూరం నుంచి రావాలి. అందుకే రోగులను ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి చేర్చే వాహనాలను, ఇంటి నుంచి ఆసుపత్రికి తెచ్చే వాహనాలను వేరుగా ఉంచితే, ఒక్క కొత్త బండి కూడా కొనకుండానే స్పందన కాలం తగ్గుతుంది. గర్భిణులకు, పసిబిడ్డలకు 102 వాహనాలను వేరుగా నడపడంలో ఉన్న మేలు కూడా కొంత ఇదే.

బరంపురంతో పోలిస్తే శ్రీకాకుళం దాదాపు సగం దూరంలోనే ఉంది, అక్కడ పెద్ద ఆసుపత్రులున్నాయి. స్తోమత ఉన్నవాళ్లు కారు మాట్లాడుకుని అటే వెళ్తారు; ఇంకా పెద్ద కేసైతే విశాఖ. ప్రభుత్వ అంబులెన్సు మాత్రం మామూలుగా తన రాష్ట్రపు ఆసుపత్రుల గొలుసులోనే తిరుగుతుంది. దీన్ని సిబ్బంది మొండితనమని అనుకోవడం తప్పు. వాహనం జీపీఎస్ ఏ కేంద్రానికి కనిపిస్తోంది, దారిలో ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది, అవతల ఆసుపత్రి ఏ పథకం కింద చేర్చుకుంటుంది, మరణం సంభవిస్తే కాగితాలు ఎవరు రాయాలి అన్న ప్రశ్నలకు గీత దాటగానే జవాబులు మారిపోతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని చీల్చి గీసిన గీత ఇప్పటికీ రాత్రి పన్నెండు గంటలకు ఒక పైలట్ స్టీరింగును ఎటు తిప్పాలో నిర్ణయిస్తోంది.

ఇక రోగి గడియారం రెండో కొస. ఏ జబ్బుకు ఎంత సమయం ఉందో తెలియకుండా నిమిషాల మాట అర్థం కాదు. గుండె కొట్టుకోవడం ఆగిపోతే మెదడు దెబ్బతినడానికి నాలుగైదు నిమిషాలు చాలు. ఛాతీ నొక్కకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుంది. ఇక్కడ 14 నిమిషాల అంబులెన్సు కూడా ఆలస్యమే. పక్కనున్న మనిషి చేతులే చికిత్స. రొమ్ము ఎముక మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కమని, వాహనం వచ్చే దాకా ఆపవద్దని ఫోనులోనే దగ్గరుండి చెప్పించగల కాల్ సెంటరు, ఆ కొద్ది నిమిషాల్లో ఏ వాహనం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఆ మాటలు రోగి ఇంటివాళ్ల భాషలో ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

మా పెదనాన్నకు వచ్చింది అది కాదు, గుండెకు రక్తం తీసుకెళ్లే నాళంలో అడ్డు. అక్కడ లెక్క నిమిషాల నుంచి గంటలకు మారుతుంది. నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ రెండు గంటల్లోపు అందే వీలు లేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను ముందు ఇచ్చేయాలన్నది వైద్యుల నియమం. అంటే అంబులెన్సులోనో, దగ్గరి సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం)లోనో ఈసీజీ తీసి, దాన్ని దూరాన ఉన్న నిపుణుడికి చూపించి, ఇంజెక్షన్ అక్కడే ఇవ్వగలిగితే బరంపురం దూరానికి ఉన్న భయం చాలావరకు తగ్గుతుంది. పక్షవాతంలో గడ్డను కరిగించే మందుకు నాలుగున్నర గంటల గడువు ఉంది. కానీ ముందుగా సీటీ స్కాన్ చూసి రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. స్కాన్ లేని దగ్గరి ఆసుపత్రికి పది నిమిషాల్లో చేర్చి, అక్కడ గంట కూర్చోబెట్టి, తరువాత రిఫర్ చేస్తే అంబులెన్సు స్పందన కాలం అద్భుతంగానూ రోగి స్థితి దారుణంగానూ ఉంటుంది.

పాముకాటు కథ దీనికి తలకిందులు. పొలం నుంచి తెచ్చిన మనిషిని నేరుగా దూరపు పెద్దాసుపత్రికి తరలించడం కన్నా, విరుగుడు మందు ఉన్న దగ్గరి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో తొలి మోతాదు ఎక్కించడమే ప్రాణం నిలుపుతుంది. కట్లపాము కాటైతే ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. అప్పుడు ఈఎంటీ చేతిలోని అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), దాన్ని దారి పొడవునా నొక్కే ఓపిక, ఇవే ప్రాణం. కాన్పు తరువాతి రక్తస్రావానికి చికిత్స అందకపోతే తల్లికి ఉండేది సగటున రెండు గంటలే. కొండ మీది ఊరి నుంచి డోలీలో దించడానికే గంటన్నర పట్టే చోట, కింద రోడ్డు మీద అంబులెన్సు ఎంత వేగంగా వచ్చి నిలబడినా దానివల్ల ఒరిగేది కొంతే.

రోడ్డు ప్రమాదాల విషయంలో వినిపించే "గోల్డెన్ అవర్" మాటకూ ఒక వివరణ కావాలి. గాయమైన తొలి గంటలో సత్వర చికిత్స అందితే మరణాన్ని తప్పించే అవకాశం అత్యధికమని మన మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ నిర్వచించింది. సాయం చేసిన దారిన పోయేవారికి కేసుల బెడద ఉండకుండా అదే సవరణ రక్షణ కూడా ఇచ్చింది. అమెరికా శస్త్రవైద్యుడు ఆడమ్స్ కౌలీ ప్రచారంలోకి తెచ్చిన ఈ మాటకు సరిగ్గా 60 నిమిషాలే అన్న ఆధారాన్ని పరిశోధకులు వెతికితే గట్టిగా దొరకలేదు. లోపల రక్తం కారుతున్నవారికి పదిహేను నిమిషాలే ఎక్కువ కావచ్చు. కాలు విరిగినవారికి మూడు గంటలైనా ముప్పు లేకపోవచ్చు. గంట అన్నది తొందరను గుర్తుచేసే మాటే గాని, గంట లోపు అయితే చాలన్న భరోసా కాదు.

మాతృ మరణాలను పరిశీలించిన థడియస్, మెయిన్ అనే ఇద్దరు 1994లో ఆలస్యాన్ని మూడుగా విడగొట్టారు: వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక చికిత్స అందడంలో ఆలస్యం. అంబులెన్సు స్పందన కాలం రెండోదానిలో ఒక ముక్క మాత్రమే. మొదటిదానిలో మా వాము, వేణ్నీళ్లు ఉన్నాయి. డబ్బు భయం, కూలి పోతుందన్న దిగులు, మగవాళ్లు ఇంట్లో లేకపోవడం ఉన్నాయి. భాష కూడా ఉంది. మా జిల్లాలోని గుమ్మా, నువాగడ వైపు సవర గిరిజనుల ఇళ్లలో పెద్దవాళ్లకు ఒడియా అంతంతమాత్రం, తెలుగు సంత మేరకే. ఆయాసం, నొప్పి, బిడ్డ అడ్డం తిరగడం వంటివి పరాయి భాషలో, కంగారులో, ఫోనులో చెప్పడం ఎవరికైనా కష్టమే. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి నూరేళ్లకు పూర్వమే సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించాలని పాటుపడి, 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించారు. ఆ ఊరి చుట్టుపక్కల 108కి ఫోన్ చేస్తే సవరలో పలికే గొంతు ఉండాలని కోరడం అత్యాశ కాకూడదు.

దూరాన్ని జయించడానికి ఎప్పుడూ వాహనమే దారి కానక్కరలేదు. మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయం వెనుక చిక్కుకుపోయిన 151 ఊళ్లకు 2018 జూలైలో 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచారు. అంతకు ముందు అక్కడి రోగికి పడవే గతి. ఒక్క అంబులెన్సు కూడా పెరగకుండానే నీళ్ల మీద గడిచే కాలం ఆ వంతెనతో తప్పింది. మరో దారి రోగినే ముందుగా దగ్గరకు తెచ్చుకోవడం. ఒడిశాలో "మా గృహ" పేరుతో నడిచే వసతుల్లో మారుమూల ఊళ్ల గర్భిణులు కాన్పుకు కొన్ని రోజుల ముందే ఆసుపత్రి పక్కకు వచ్చి ఉంటారు. సరిహద్దుకు అవతల, ఆంధ్రలోని సాలూరులో గిరిజన గర్భిణుల వసతి గృహం కూడా ఇదే ఆలోచన. అక్కడ ఉన్న ఆడబిడ్డకు అంబులెన్సు స్పందన కాలం సున్నా. అయితే ఆ సున్నా ఏ నివేదికలోనూ అంబులెన్సు సేవ ఖాతాలో పడదు. బండి వెళ్లలేని చోటుకు మోటారుసైకిల్ అంబులెన్సులను పంపే ప్రయత్నం ఆంధ్ర ఏజెన్సీలో జరిగింది. అది రోగిని రోడ్డు దాకా తెచ్చే ఏర్పాటే గాని పెద్ద వాహనానికి బదులు కాదు.

వచ్చిన వాహనంలో ఎవరున్నారన్నది కూడా కొలతలోకి రాని సంగతే. మహారాష్ట్రలో 2014లో మొదలైన 108 సేవలో వైద్యుణ్ని వెంట పంపే పద్ధతి ఉంది. తెలుగు వాడుకలో ఉన్న సిరొంచ ప్రాంతం ఆ ఏర్పాటు కిందికి వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో ఈఎంటీ ఉంటారు. ఏది మేలన్న వాదన తెగేది కాదు. వైద్యుడు కూర్చున్న బండి పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది జబ్బును బట్టి ఉంటుంది.

సరిహద్దు ఊళ్లకు నేను కోరేది చిన్నవే. గీతకు ఇరువైపులా పదిహేను, ఇరవై కిలోమీటర్ల పట్టీలో ఉన్న ఊళ్ల పేర్లు తెలుగు, ఒడియా ఉచ్చారణలు రెండింటితోనూ, మండలం, బ్లాకు సహా, రెండు కేంద్రాల తెర మీదా ఉండాలి. కాల్ పొరపాటున అవతలికి వెళ్తే "మా పరిధి కాదు" అని పెట్టేయకుండా, మాట్లాడుతున్న మనిషిని లైనులోనే ఉంచి రెండో కేంద్రానికి కలపాలి. ఏ రాష్ట్రపు వాహనం దగ్గరుంటే అది కదిలి, దగ్గరి తగిన ఆసుపత్రికి చేర్చడానికి రెండు ప్రభుత్వాల మధ్య రాతపూర్వక ఒప్పందం కావాలి. నివేదికల్లో గడియారం మొదటి రింగు నుంచి మొదలై, బ్లాకుల వారీగా, పదిలో తొమ్మిదో రోగి దాకా చూపాలి. వీటిలో దేనికీ ఒక్క కొత్త బండి కూడా అక్కరలేదు.

అంతవరకూ ఇంటివాళ్లు చేసుకోగలిగింది కొంత ఉంది. ఫోను కలవగానే జబ్బు కన్నా ముందు రాష్ట్రం పేరు, జిల్లా పేరు చెప్పాలి. తరువాత బ్లాకు, పంచాయతీ, అందరికీ తెలిసిన ఒక గుర్తు. కాల్ చేసిన ఫోనును ఖాళీగా ఉంచాలి, ఎందుకంటే పైలట్ దారి అడిగేది ఆ నంబరునే. చుట్టాలకు కబురు వేరే ఫోనులో చెప్పుకోవాలి. ఒకరు టార్చితో ప్రధాన రోడ్డు మలుపులో నిలబడాలి. పాత చీటీలు, వాడే మందులు సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టాలి. మా పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు క్యాలెండరు పక్కన ఒక అట్ట వేలాడుతోంది. పైన పెద్ద అక్షరాలతో "ఒడిశా, గజపతి జిల్లా, గోసాని బ్లాకు" అని, కింద ఊరి పేరు మేము పిలిచినట్టు ఒకసారి, కాగితాల్లో ఉన్నట్టు ఒకసారి రాసి ఉంటుంది. ఒడియా పలుకుబడిని మా తమ్ముడి కూతురు తెలుగు లిపిలోనే రాసిపెట్టింది, పెద్దమ్మకు ఆ ఒక్క లిపే వచ్చు గనుక.